సున్నా దగ్గరి మనిషి

"పని అయింది. నేను బాగానే ఉన్నాను," అంది మేదిని, ఉదయం ఏడింటికి, హాస్టల్ మెస్ గోడకున్న శ్రమమాని ముందు నిలబడి.

అప్పటికి ఆమె కాఫీ కూడా తాగలేదు. పనేమీ అవలేదు. బాగా అసలే లేదు. కానీ శ్రమమాని వినేది ఆ ఒక్క వాక్యాన్నే. అది ఎవరు పెట్టారో, పని మొదలవకుండానే పని అయిందని ఎందుకు చెప్పాలో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు.

"రెండు. మీరు బాగానే ఉన్నారు," అంది శ్రమమాని.

"నీ మొహం," అంది మేదిని.

"కొంచెం జరుగక్కా, నాకు క్లాసుంది," అంది వెనకున్న అమ్మాయి.

శ్రమమాని వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. గొంతు విని మనిషి అలసటను అంకెలో చెబుతుంది. బాగా విశ్రాంతి తీసుకున్న మనిషికి సున్నా, ఇక కూలిపోయే మనిషికి పది. ఆరుకు చేరితే విశ్రాంతి చట్టప్రకారం హక్కు. చేరకపోతే సెలవు అడిగినవాడే దొంగ. బస్సు డ్రైవర్లు, నర్సులు, బడిపిల్లలు, అందరూ పొద్దున్నే దానికి ఆ వాక్యం అప్పజెప్పాల్సిందే. ఎదుటి మనిషిని చూసి "ఏమిటలా ఉన్నావు?" అని అడిగే అలవాటు జనానికి ఎప్పుడో పోయింది. అంకె ఉండగా ముఖం చూడడం దేనికి?

మేదిని డేటా సైన్స్ ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆమె థీసిస్ కూడా ఈ మాయదారి శ్రమమాని మీదే. తెలుగువాళ్ళ గొంతులకు అది ఎప్పుడూ తక్కువ అంకెలే ఎందుకు చూపిస్తుంది? ఏడాది తవ్వినా తప్పు దొరకలేదు. లెక్కలు సరిగానే ఉన్నాయి, మోడల్ సరిగానే ఉంది, అన్నీ సరిగానే ఉన్నాయి, తను తప్ప. గైడ్ రెండుసార్లు తిప్పి పంపారు. ఈరోజు సాయంత్రం అయిదింటికి ఆఖరి గడువు. అది దాటితే ఏడాది పోతుంది, సీటూ పోతుంది.

గైడ్‌కి ఫోన్ చేసింది.

"సార్, పదిహేను రోజులు టైమ్ ఇప్పించండి. మూడు రోజులుగా నిద్ర లేదు."

"అంకె ఎంతమ్మా?"

"రెండు సార్."

"రెండుకి నేనేం చెయ్యను? ఆరు చూపించు, ఇప్పుడే సంతకం పెడతాను."

"అది ఆరు చూపించదనే కదా సార్ నా థీసిస్!"

"అయితే రుజువు చెయ్యి," అని ఆయన ఫోన్ పెట్టేశారు.

మేదినికి గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. గదికి వచ్చి, చేసేదేమీ లేక, ఏడాది కింద పక్కన పడేసిన మొట్టమొదటి ఫైలు తెరిచింది. డేటా శుభ్రం చేసేటప్పుడు అక్కర్లేని కాలమ్‌లు తీసెయ్యమని మొదటి సెమిస్టర్‌లోనే నేర్పుతారు. ఆమె బుద్ధిగా తీసేసింది. తీసేసినవాటిలో ఒకటి, రికార్డు చేసిన సమయం.

తెలుగు గొంతుల్లో సున్నా అంటే ఏమిటో శ్రమమానికి నేర్పింది పన్నెండు మంది గొంతులు. అందరూ పాలకొండలో ఒకే కేంద్రంలో పనిచేసిన ఆడవాళ్ళు. పేర్లు లేకుండా నంబర్లతో ఉన్న ఆ గొంతులను వందసార్లు విన్నది గానీ, అవి ఏ వేళప్పటివో ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు చూసింది. పన్నెండూ రాత్రి ఎనిమిదికీ ఎనిమిదింబావుకీ మధ్యవే. పాత ఉద్యోగుల జాబితాలో పాలకొండ విడిచి వెళ్ళనిది ఒక్కరే. పేరు లాస్యప్రియ. మేదిని పరుగున వెళ్ళి బస్సెక్కింది.

లాస్యప్రియకు ఇప్పుడు అరవై రెండేళ్ళు. వీధంతా ఆమెను లాస్య మామ్మ అంటుంది. మేదిని వెళ్ళేసరికి మూడున్నర అయింది. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది.

"ఎవులమ్మా? కూకో. ఎండనపడి వచ్చినావు," అని మంచినీళ్ళిచ్చింది. వచ్చిన పని చెప్పగానే నవ్వింది. "ఆ పనేటి? గొంతులు వినడమే. ఇది కోపం, ఇది ఏడుపు అని బటన్లు నొక్కీవోళ్ళం. ఆ మిషన్లకి అదే సదువంట. పొద్దున్న తొమ్మిదికి కూకుంటే రాత్రి ఎనిమిదికి లెగిసీవోళ్ళం."

"లేచాక మీ గొంతులు రికార్డు చేసేవాళ్ళా మామ్మా?"

"మరి ఎల్లిపోయీటప్పుడు మైకు కాడ సెప్పాల కదా. పని అయింది, నేను బాగానే ఉన్నాను. అది సెప్తేనే తలుపు తెరుచుకునీది."

మేదిని గ్లాసు కింద పెట్టింది. "బాగాలేదని చెబితే?"

"తలుపు తెరుచుకోదు కదేటి," అంది మామ్మ, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

మేదిని ఫోన్‌లోంచి పన్నెండింటిలో ఒక గొంతు వినిపించింది. పని అయింది. నేను బాగానే ఉన్నాను. మామ్మ చేతులు చింతపండులోనే ఉండిపోయాయి.

"ఇది మా పక్క సీటు శ్రీజ అయుంటాది. ఆ గొంతు సూడు, ఎలా ఈడుస్తన్నాదో. బాగున్నాదని ఎవులన్నారు? ముందు ఈ పిల్లని ఇంటికి పంపించీండమ్మా."

"మామ్మా, అప్పుడు కేంద్రంలో మీ ఉద్యోగి నంబరు ఎంత?"

"నాలుగొందల పదిహేడు."

మేదిని ఫోను ఆమెవైపు తిప్పింది. ఆ గొంతు పక్కన 417 అని ఉంది.

మామ్మ మళ్ళీ పెట్టమని వేలితో చూపించింది. విని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నాకెప్పుడూ అలా అనిపించలేదమ్మా. అందరం అలాగే ఉండీవోళ్ళం," అంది.

నాలుగున్నర దాటుతోంది. సున్నా ఎక్కడ తప్పిందో మేదినికి దొరికింది. అది రాయడానికి మాత్రం అరగంట చాలదు. గడువు కోరే దరఖాస్తు ఫోన్‌లో తెరిచింది. దానికి పావుగంట తేడాతో రెండుసార్లు కొలత ఇవ్వాలి. ఆశ చావక వాక్యం చెప్పింది.

"రెండు. మీరు బాగానే ఉన్నారు," అంది ఫోన్‌లోని శ్రమమాని.

"ఎవుర్తి కన్నా రెండు?" అంది మామ్మ.

"సున్నా కన్నా."

"సున్నా అంటే?"

"మీరే మామ్మా. మీరూ, మీతో పనిచేసిన పదకొండు మందీ."

మామ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఈ ఏడాదిలో మేదిని ముఖాన్ని అలా చూసినవాళ్ళు లేరు. "అయితే నువ్వు ఆనాటి నాకన్నా రెండు ఎక్కువ అలిసిపోనావు," అంది. "నానైతే ఇంటికొచ్చి సెప్పులు ఇప్పకుండానే పడిపోయీదాన్ని."

మేదినికి ఏడుపొచ్చింది. ఏడవడానికీ ఓపిక లేదు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. శ్రమమాని సున్నా విశ్రాంతి తీసుకున్న మనిషిది కాదు, పదకొండు గంటలు పనిచేసి లేచిన మనిషిది. అంతవరకు రాసేసరికి తల అరుగు స్తంభానికి ఆనింది, కళ్ళు మూతపడ్డాయి.

ఫోను మోగింది. "రెండో కొలత ఇవ్వండి. గడువుకు పది నిమిషాలుంది."

మామ్మ ఆ పిల్లవైపు చూసింది. లేపడానికి చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. ఒళ్ళోని లాప్‌టాప్ మెల్లగా తీసి పక్కన పెట్టింది. ఫోను తన నోటి దగ్గర పెట్టుకుని, ముప్పై నాలుగేళ్ళ కింద మైకు ముందు నిలబడ్డట్టే నిటారుగా కూర్చుంది.

"పని అవనేదు. పిల్ల బాగోనేదు," అంది.

"వాక్యం తప్పు. మళ్ళీ చెప్పండి."

"బాగోనేదంతన్నాను కదేటి."

"వాక్యం తప్పు. మళ్ళీ చెప్పండి."

మామ్మ ఫోనును చింతపండు బుట్టలో బోర్లా పెట్టి, లోపలికి వెళ్ళి దిండు తెచ్చింది.