తాతయ్య కారుకి ఇటుకల కోట

చివరి ఇటుక పెట్టి, చేతులు దులుపుకుని, నీహారిక కాస్త వెనక్కి వెళ్లి చూసింది. తాతయ్య కారు చుట్టూ కోట కట్టినట్టే ఉంది. పైన కవరు. అది ఎగిరిపోకుండా తాళ్లు. కింద చక్రాల మధ్య ఖాళీలన్నిటికీ ఇటుకలు, చెక్కముక్కలు అడ్డం. అవన్నీ పక్కన కడుతున్న బిల్డింగు మేస్త్రీని అడిగి తెచ్చుకున్నవే.

"ఇక చీమ కూడా దూరదు!" అనుకుంది గర్వంగా.

గోపన్‌పల్లిలో వాళ్లుండే అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్‌కి ఒక్క కారుకే పార్కింగ్. అక్కడ నాన్న కారు ఉంటుంది. తాతయ్య పాత తెల్ల మారుతి మాత్రం గోడ బయట, వేపచెట్టు కింద. ఎండా, వానా, దుమ్మూ, కాకులూ అన్నీ దాని నెత్తినే.

తాతయ్య కామేశ్వరరావు కాకినాడలో ఉద్యోగం చేసేటప్పుడు కొన్న కారది. నాన్న డ్రైవింగ్ నేర్చుకున్నది అందులోనే. నీహారిక పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిందీ అందులోనే. రోజూ పొద్దున్నే తాతయ్య దాన్ని ముద్దుగా తుడుస్తుంటే, "నా కళ్లజోడు తుడవమంటే మాత్రం తీరిక ఉండదు" అని నానమ్మ సణుగుతుంది.

ఈమధ్య ఆ కారుకి ఎలుకల బెడద పట్టుకుంది. బానెట్‌లోకి దూరి వైర్లు కొరికేస్తున్నాయి.

"ఇంకోసారి కొరికితే ఇక అమ్మేద్దాం నాన్నగారూ. బయట పెట్టి ఎన్నాళ్లని కాపాడతారు?" అన్నాడు నాన్న నిన్న.

తాతయ్య అన్నం సగంలోనే వదిలేసి లేచాడు. అది చూసి నీహారికకు ఏడుపొచ్చింది. అందుకే ఈరోజు పొద్దున్నే లేచి, ఎవరికీ చెప్పకుండా ఈ కోట కట్టింది.

అంతలో ఓ బూడిదరంగు పిల్లి వచ్చింది. ఇటుకల చుట్టూ తిరుగుతూ, వాసన చూస్తూ, "మ్యావ్ మ్యావ్" అని ఒకటే అరుపు.

"ఫో! మా కారు మీద గీతలు పెడతావా?" నీహారిక కాలు నేలకేసి తన్ని అదిలించింది.

వీధి ఊడుస్తున్న ఎల్లమ్మ చీపురు ఆపింది.

"గట్ల ఎల్లగొట్టకు బిడ్డా! గా పిల్లి ఈనింది. పాపం, గందుకే గిక్కడిక్కడ్నే తిరుగుతున్నది."

ఈనిందా? అంటే ఏమిటి? నీహారికకు తెలిసినవి చీపురు ఈనెలే. ఎల్లమ్మ చేతిలోని చీపురు చూసింది. నేల మీద నాలుగైదు ఈనెలు ఊడిపడి ఉన్నాయి. ఓహో! ఈ పిల్లి చీపురు ఈనెలు పీకేసిందన్నమాట! చీపురునే వదలని పిల్లి వైర్లను వదులుతుందా?

"ఆఁ, తెలుసు ఆంటీ" అని తల ఊపేసింది.

తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపడంలో మన నీహారికను చూసి గంగిరెద్దు కూడా సిగ్గుపడాల్సిందే. క్లాసులోనూ అంతే. అర్థం కాలేదని అడిగితే అందరూ నవ్వుతారేమోనని ఆమె భయం.

పిల్లిని ఇంకొంచెం దూరం తరిమి, నీహారిక స్కూల్ బస్సెక్కింది.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి మధ్యలో ఒక్కటే బ్రేక్. బ్రేక్‌లో సంధ్య డబ్బా తెరిచింది. సంధ్య, నీహారిక ఒకే బెంచీలో కూర్చుంటారు.

"జున్ను తెచ్చిన, తిను. ఊళ్లె మా అమ్మమ్మోళ్ల బర్రె ఈనింది."

నీహారికకు నవ్వాగలేదు. "బర్రె ఈనడమేంటే? దానికి చీపురెక్కడ దొరికింది?"

"చీపురేంది?" సంధ్య తెల్లబోయింది. "ఈనింది అంటే దూడ పుట్టింది. గందుకే గదా జున్ను!"

నోట్లో పెట్టుకున్న జున్ను నీహారికకు మింగుడుపడలేదు.

"పిల్లి కూడా... ఈనుతుందా?"

"ఈనదా మరి? పిల్లి ఈనుతది, కుక్క ఈనుతది. గిది గూడ తెల్వదా?"

నీహారికకు పిల్లి కారు చుట్టూ ఎందుకు తిరిగిందో ఇప్పుడు అర్థమైంది. దాని పిల్లలు కారు లోపలే ఉన్నాయి! తల్లి వెళ్లే దారి తనే మూసేసింది. బయట ఎండ మండిపోతోంది. పైగా ఈరోజు బుధవారం. వారానికోసారైనా ఇంజిన్ ఆన్ చేయకపోతే బ్యాటరీ పడుకుంటుందని, తాతయ్య ప్రతి బుధవారం టిఫినూ పేపరూ అయ్యాక కారు స్టార్ట్ చేస్తాడు. స్టార్ట్ చేస్తే లోపల బెల్టు తిరుగుతుంది. ఫ్యాన్ తిరుగుతుంది. అక్కడ పిల్లలుంటే?

నీహారిక స్టాఫ్ రూమ్‌కి పరుగెత్తింది.

"మిస్! ఇంటికి ఒక్క ఫోన్ చేయాలి మిస్!"

"ఏమైందమ్మా?" అంది సరిత మిస్ కంగారుగా.

ఈసారి తల ఊపితే సరిపోదు. చెప్పాల్సిందే. "పిల్లి ఈనింది మిస్. నాకు ఆ మాట తెలీదు. తెలుసని చెప్పాను. పిల్లల్ని లోపల పెట్టి ఇటుకలు పేర్చేశాను..." అంటూ ఏడ్చేసింది. మిస్‌కి సగమే అర్థమైంది. అయినా వెంటనే ఫోన్ చేతికిచ్చింది.

నానమ్మ ఎత్తింది. "తాతయ్యా? తాళాలు తీసుకుని కిందికెళ్లి చాలాసేపైందే. ఏం?"

"నానమ్మా, కారు స్టార్ట్ చేయొద్దని చెప్పు! లోపల పిల్లిపిల్లలున్నాయి! బాల్కనీలోంచి కేకెయ్యి, తొందరగా!"

అప్పుడు నానమ్మ వేసిన కేక ఫోన్లోంచి స్టాఫ్ రూమ్ అంతా వినపడింది. "ఏవండీ! ఏవండోయ్! ఆ తాళం తిప్పకండీ! ఆగండీ!"

నీహారిక ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుని నిలబడింది.

"ఆగారే తల్లీ" అంది చివరికి నానమ్మ, రొప్పుతూ. "ఇంకా కారెక్కనే లేదట."

"పిల్లలు బాగున్నాయా నానమ్మా?"

"బానెట్ తెరిచి చూడాలి కదే! నువ్వు క్లాసుకి వెళ్లు."

ఆ తర్వాత క్లాసులో ఏం చెప్పారో నీహారికకు తెలియదు. ఇంటికి వచ్చేటప్పుడు కొత్తగూడ దగ్గర బస్సు నత్తలా పాకింది. కారు లోపల అంత వేడిలో, పాలు లేకుండా, ఆ పిల్లలు ఎలా ఉన్నాయో!

బస్సు దిగి చూస్తే, ఇటుకలన్నీ ఒక పక్కన కుప్పగా ఉన్నాయి. వేపచెట్టు నీడలో తాతయ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆమెను చూడగానే "ష్!" అని పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

ఆయన పక్కన ఓ అట్టపెట్టె. అందులో బూడిదరంగు పిల్లి పక్కకి ఒరిగి పడుకుని ఉంది. మూడు బుల్లి పిల్లలు దాని పొట్టకు అతుక్కుని చప్పరిస్తూ పాలు తాగుతున్నాయి.

"అన్నీ బాగున్నాయా తాతయ్యా?"

"బాగుండకేం! నేనూ ఎల్లమ్మా బ్యాటరీ పక్కనుంచి తీస్తుంటే నా చేతిని గీరేశాయి కూడాను."

నీహారికకు పోయిన ప్రాణం లేచొచ్చింది. బ్యాగుతో సహా అక్కడే కూలబడి, నవ్వుతూనే ఏడ్చింది. జరిగిందంతా చెప్పేసింది, చీపురు సంగతితో సహా.

తాతయ్య కోప్పడలేదు. నడుము పట్టుకుని మూలిగాడు. "ఆ ఇటుకలు తీసేసరికి నా పని అయిపోయిందే! అవే లేకపోతే మీ నానమ్మ కేకేసేలోపే స్టార్ట్ చేసేసి ఉండేవాణ్ణి."

దానికి సంతోషించాలో సిగ్గుపడాలో నీహారికకు తెలియలేదు.

సాయంత్రం నాన్న వచ్చి పెట్టెలోకి తొంగిచూశాడు. "పిల్లి కాపురం పెట్టిన చోటికి ఎలుకలేం వస్తాయి లెండి. అమ్మకం సంగతి తర్వాత చూద్దాం నాన్నగారూ" అన్నాడు. ఆ పూట తాతయ్య మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

మర్నాడు పొద్దున నీహారిక మళ్లీ కారుకి కవరు కట్టింది. ఈసారి ఒక మూల తాడు వదులుగా ఉంచింది. పెట్టెను కారు కింద నీడలో పెట్టి, పిల్లి వచ్చిపోవడానికి సందు వదిలింది.

ఎల్లమ్మ చీపురు పట్టుకుని వచ్చి చూసింది. "మంచిగున్నది. ఇగ పైలం బిడ్డా, గీ గల్లీల కుక్కలు తిరుగుతయ్."

అలవాటు ప్రకారం నీహారిక తల ఊపబోయింది. సగం ఊపి ఆగింది.

"ఆంటీ, పైలం అంటే ఏంటి?"

ఎల్లమ్మ నవ్వింది. ఆ నవ్వు నీహారిక భయపడినట్టు ఎగతాళిగా లేదు, బాగానే ఉంది.

"పైలం అంటేనా? నీడకు వెట్టినవ్ సూడు, తల్లికి తొవ్వ ఇడిసినవ్ సూడు, గదే బిడ్డా."

"అంటే జాగ్రత్తగా చూసుకోవడమా?"

"ఆఁ, గదే!"

బస్సు హారన్ మోగింది. నీహారిక పరుగెత్తి బస్సెక్కి, కిటికీలోంచి తల బయటపెట్టింది. పైన బాల్కనీలో తాతయ్య చెయ్యూపుతున్నాడు.

"తాతయ్యా! కారు పైలం! పిల్లి పైలం!"

తాతయ్య అలాగేనని తల ఊపాడు. బస్సు కదిలాక బాల్కనీలోంచి బాగా వంగి అరిచాడు.

"పైలం అంటే ఏంటే?"

"ఎల్లమ్మ ఆంటీని అడుగు!" అని గట్టిగా అరిచింది నీహారిక.