చనిపోయిన నర్సింగం నీళ్లు పోస్తున్నాడు

ఆగండి, ఆగండి, ఎక్కడికా తొందర? కాసేపిలా కూర్చోండి, ఈ సంగతి విన్నాకే వెళ్దురుగాని. దసరాకి చనిపోయిన మనిషి మార్చి నెలలో రోజూ పొద్దున ఆరింటికల్లా డ్యూటీ ఎక్కి, రోడ్డు పక్క చెట్లకు నీళ్లు పోస్తున్నాడంటే మీరు నమ్ముతారా? యమున నమ్మలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

అది 2010. గోదావరిఖనిలో ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. యమున ఆ ఇంటికి కోడలిగా వచ్చి అయిదు నెలలు. హన్మకొండలో డిగ్రీ చదివేటప్పుడు ఎవరో వచ్చి సమాచార హక్కు చట్టం మీద మూడు రోజులు క్లాసు చెబితే, మిగతా పిల్లలు నిద్రపోయారుగానీ యమున మాత్రం ఆ చట్టాన్ని చంకనేసుకుని మెట్టినింటికి వచ్చేసింది. వచ్చిన నెలకే పట్టణ పచ్చదనం విభాగానికి ఒక దరఖాస్తు పెట్టింది. రోడ్ల పక్క మొక్కల కాంట్రాక్టు ఎవరిది, పనివాళ్లు ఎంతమంది, వాళ్ల పేర్లేమిటి, నీళ్ల ట్యాంకరు ఎన్నిసార్లు తిరుగుతోంది? వాళ్లు జవాబివ్వకపోతే అప్పీలు చేసింది. ఆఖరికి రిజిస్టర్డ్ పోస్టులో లావుపాటి కవరు వచ్చింది.

ఆ శనివారం తెల్లారకముందే ఆ కాగితాలు చాప మీద పరిచేసుకుని కూర్చుంది. అత్త సమ్మవ్వ చాయ్ గ్లాసులు పట్టుకుని వాటి మధ్యలోంచి గెంతుకుంటూ వచ్చింది.

"పొద్దుగాల పొద్దుగాల గీ కాయిదాలేంది బిడ్డా? నిన్న కూరల ఉప్పు ఎన్నిసార్లు ఏసినవో గది లెక్క చెప్పు ముందుగాల!"

"అత్తమ్మా, జర ఇనుండ్రి. ఎనిమిది రోడ్లకు ఎనిమిది మంది పనోళ్లు ఉన్నరని రాసిండ్రు. నేను వారం దినాలు తిరిగిన. ఒకరి అడ్రసుకు పోతే పెట్రోలు బంకున్నది. ఇంకొకరి అడ్రసుకు పోతే బందైన సినిమా హాలు. ఏడుగురు మనుషులే లేరు!"

ఫస్ట్ షిఫ్టుకి బూట్లు తొడుక్కుంటున్న భర్త భూపాల్ తలెత్తాడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు అతను. "మరి ఎనిమిదో ఆయన?"

"ఎనిమిదో ఆయన నిజంగనే ఉండె. పేరు నర్సింగం. పోయిన దసరాకు సచ్చిపోయిండు. ఇగో, మరణ ధ్రువపత్రం సుత తెచ్చిన. కానీ నెల నెలా ఆయన పేరు మీద జీతం లేస్తనే ఉన్నది."

"ఇంకేంది, దొరికిండ్రు దొంగలు!"

"ఆగు, అసలు ముచ్చట ఇను. ఆ ఏడు రోడ్ల మీద మొక్కలు ఎండి కట్టెలైనయ్. నర్సింగం పేరు రాసిన పాత బాయి రోడ్డు మీద మాత్రం ఒక్క చెట్టు ఎండలే. ఆకుల మీద బొగ్గు దుమ్ము సుత లేదు, ఎవరో బట్ట పెట్టి తుడిచినట్టు! ఆడ చాయ్ హోటల్ ఇస్హాక్ కాకనడిగితే ఏమన్నడో తెలుసా? నర్సింగమా, రోజూ ఆరింటికి వస్తడు గద బేటా, అన్నడు!"

భూపాల్ పడీపడీ నవ్వాడు. "అంటే ఏడుగురు బతికినోళ్ల కంటే ఒక్క సచ్చినోడే మంచిగ పనిచేస్తుండన్నట్టు!"

గోడకానుకుని చాయ్ తాగుతున్న మామ గట్టయ్యకు ఒక్కసారి పొలమారింది. దగ్గి దగ్గి కళ్లలో నీళ్లు తిరిగాయి. సమ్మవ్వ ఆయన నెత్తి మీద చరిచింది. "మెల్లగ తాగరాదయ్యా, ఎవడన్న గుంజుకుంటుండా?"

"నర్సింగం... మంచోడు పాపం," అన్నాడు గట్టయ్య. తువ్వాల భుజాన వేసుకుని లేచాడు. "జర అట్ల తిరిగొస్త."

"పో పో. రిటైరైనోళ్ల పేకాటకు యాళ్లయింది గద. ఒక్కపూట పోకుంటే జోకర్ ఏడుస్తది," అంది సమ్మవ్వ.

ఆయన వెళ్లాక యమున అసలు ప్లాన్ చెప్పింది. సోమవారం పొద్దున విభాగం ఆఫీసులో ఈ కాంట్రాక్టు మీద విచారణ ఉంది, రుజువులతో ఫిర్యాదు అక్కడే ఇవ్వాలి, పెద్ద మేడం స్వయంగా వస్తున్నారు. ఆలోపు ఆదివారం తెల్లవారుజామునే వెళ్లి ఆ నర్సింగం ఎవరో కళ్లారా చూడాలి. భూపాల్‌కి ఆదివారం కూడా డ్యూటీ ఉంది, రాలేనన్నాడు. సమ్మవ్వ మాత్రం కొంగు బిగించింది.

"నేనొస్త. దయ్యమైతే నువ్వు మాట్లాడలేవు. నర్సింగం నాకు వరుసకు తమ్ముడు, నేనైతే నిలబెట్టి అడుగుత."

ఆదివారం ఆ ఇద్దరూ ఇస్హాక్ హోటల్ పక్కన, బెంచీ చాటున నక్కారు. ఆరు కావస్తోంది. రోడ్డు మలుపులోంచి ఒక మనిషి వచ్చాడు, రెండు చేతుల్లో రెండు నూనె డబ్బాలు. హోటల్ కుళాయి దగ్గర నింపుకున్నాడు. మొదటి కానుగ చెట్టు మొదట్లో పోశాడు. భుజం మీది తువ్వాల తీసి, నీళ్లలో ముంచి, అందినంతవరకూ ఒక్కో ఆకూ తుడవడం మొదలుపెట్టాడు, చంటిపిల్లల మొహం తుడిచినట్టు.

ఆ నడక, ఆ వంగిన భుజం యమునకి బాగా తెలుసు.

సమ్మవ్వకి ఇంకా బాగా తెలుసు. "ఓ ముసలోడా!" అని ఒక్క కేక పెడితే, చాయ్ తాగుతున్న నలుగురూ గ్లాసులు దించేశారు. "ఇంట్ల బిందె ఎత్తమంటే నడుం నొస్తదంటివి! రోడ్డు మీద డబ్బలకు డబ్బలు మోస్తున్నవా? గా తువ్వాల ఎంత పిండినా నలుపు పోతలేదేందా అని నా చేతులు పడిపాయె!"

గట్టయ్య డబ్బా దించాడు. దొంగతనంగా బెల్లం తిని దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు. కోడలి వైపు మాత్రం చూడలేకపోయాడు.

మధ్యాహ్నం మూడున్నరకు భూపాల్ ఇంటికి వచ్చేసరికి కాలనీ అంతా పాకిపోయింది. బూట్లు కూడా విప్పకుండానే మొదలుపెట్టాడు. "ఏందే నాయినా ఇది? నీకేం తక్కువైంది? నా ఇజ్జత్ ఏం కావాలె? సచ్చిపోయినోని పేరు మీద కూలికి పోతవా? బయట దొంగలని పట్టుకొస్తనని నా పెండ్లాం తిరుగుతుంటే, దొంగ ఇంట్లనే ఉండె!"

"భూపాల్, ఆ మాటనకు!" అంది యమున గట్టిగా.

"అననియ్యి బిడ్డా," అన్నాడు గట్టయ్య. చాప మీద కూర్చుని మెల్లగా చెప్పుకొచ్చాడు.

నర్సింగం, తనూ పొద్దున్నే కలిసి నడిచేవారు. నర్సింగం నీళ్లు పోస్తుంటే ఈయన ఒక చెయ్యి వేసేవాడు. దసరాకి నర్సింగం పోయాడు. పది రోజులకే చెట్లు వాడిపోయాయి. చూడలేక తనే డబ్బాలు పట్టాడు. ఒకరోజు కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ సదానందం చూసి, ఎట్లాగూ పోస్తున్నావు కదా, నర్సింగం అని సంతకం పెట్టు, సగం జీతం నీకిస్తా, సగం నాకు అన్నాడు. వయసు మళ్లినవాడికి సొంత పేరు మీద పనివ్వరట. ఎవరడిగినా నర్సింగం పేరే చెప్పమని హోటల్ ఇస్హాక్‌కీ చెప్పి ఉంచాడు.

"ఇయ్యకున్నా పోస్తుంటి," అన్నాడు గట్టయ్య. "ముప్పై మూడేండ్లు బొగ్గు బాయిల, భూమి కింద చేసిన. ఫస్ట్ షిఫ్టుకు దిగితే ఎండ సల్లబడ్డంక తేలేటోన్ని. ఎండల పని ఎట్లుంటదో ఇప్పుడు తెలిసింది. నిన్న లేని చిగురు ఇయ్యాల ఉంటది. మంచిగనిపిస్తది."

"అయితే ఇంట్ల చెప్పద్దా?" అంది సమ్మవ్వ, గొంతు తగ్గించి.

"చెప్తే పోనిస్తుంటిరా? ఇంకో ముచ్చట యమునకు తెల్వదు. బాయిల సుత నేను గట్టయ్యను కాదు బిడ్డా. కొలువు కాయిదం మా ఊరోడు పోశంకు వచ్చింది. వాడు మొదటి దినమే భయపడి ఉరికిండు. నేను దిగిన. ముప్పై మూడేండ్లు హాజరీల పోశం అంటే 'ఉన్న సార్' అన్న. రిటైరైన దినం దండేసి పోశం గారు అని పొగిడిండ్రు. ఇప్పుడేమో నర్సింగం. నా అసలు పేరు మీద నేను ఒక్క హాజరీ సుత పలకలే."

భూపాల్ వంగి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ అవి ఊడి రాలేదు. తల ఎత్తితే మొహం కనిపిస్తుందని కాబోలు, అలాగే వంగి ఉండిపోయాడు.

యమున ఫిర్యాదు కాగితం తీసింది. ఎనిమిదో వరుస మీద పెన్ను పెట్టింది. "దీన్ని కొట్టేస్త మామయ్యా. ఏడు పేర్లు చాలు."

గట్టయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "రేపు తీసుకపో. నేను సుత వస్త. ఆడ చూద్దాం."

సోమవారం అత్తామామలతో కలిసి వెళ్లిన యమునకి ఆఫీసు వరండాలో సదానందం ఎదురొచ్చాడు. తెల్ల చొక్కా, నోట్లో పాన్. "ఏం చెల్లే, ఎనిమిదో పేరు ఎవరిదో ఇప్పుడు ఎరుకైంది గద? వాపస్ తీసుకో. లోపల నేను నోరిప్పితే ముందుగాల ఇరికేది మీ మామనే. ముసలి మనిషి, ఎందుకు ఫికర్?"

యమున చేతిలోని ఫిర్యాదు కాగితం వైపు చూసుకుంది. వాపసు తీసుకుంటే ఏడు రోడ్ల దొంగ జీతాలు, తిరగని ట్యాంకరు బిల్లులు అన్నీ అలాగే సాగిపోతాయి. ఇస్తే, ఏ తప్పూ చెయ్యాలనుకోని మామ నలుగురిలో దొంగలా నిలబడాలి. ఏడు పేర్లే ఉంచి చదివితే? సదానందం ఊరుకుంటాడా? ఇంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది.

మేడం కళ్లద్దాలు సర్దుకుని జాబితా తిరగేశారు. "ఏడుగురు లేరని రుజువులిచ్చారు. బాగుంది. ఎనిమిదో మనిషి సంగతేంటమ్మా?"

యమున మామ వైపు చూసింది. సదానందం పక్క నుంచి సన్నగా నవ్వాడు.

"నేనే మేడం," అన్నాడు గట్టయ్య, తువ్వాల భుజం మీంచి తీసి చేత పట్టుకుని. "నర్సింగం సచ్చిపోయిండు. ఆయన పేరు మీద నీళ్లు పోసింది నేను. సగం జీతం నేను తీసుకున్న, సగం గీ సదానందం తీసుకున్నడు."

సదానందం నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

మేడం కళ్లద్దాలు తీసి ఆయన్ని చూశారు. "ఆ రోడ్డు నేను పొద్దున చూసొచ్చాను. చెట్లు బాగున్నాయి. చూడండి పెద్దాయనా, ఇది ఫిర్యాదులో ఉంటే ఎనిమిది పేర్లూ దొంగవే అవుతాయి, కాంట్రాక్టు మొత్తం ఆపేసి పైనుంచి విచారణ వేయాలి. కొత్తగా తీసుకునేవాళ్లకి వయసు పరిమితి ఉంటుంది, మీకు పని ఉండదు, ఆ చెట్ల జోలికీ రాకూడదు. మీ కోడలు ఈ ఒక్క వరుసా తీసేస్తే, ఆ ఏడు రోడ్ల వరకే చర్య తీసుకుంటాను; మీ పని మీకుంటుంది, మిమ్మల్ని ఇక్కడికి లాగాల్సిన అవసరం నాకు లేదు."

"తీసేయ్ బిడ్డా," అంది సమ్మవ్వ వెనక నుంచి, గబుక్కున. "మొక్కల కాడికి పోనియ్యి పాపం." నిన్న తిట్టిపోసిన మనిషే!

యమున కళ్లనిండా నీళ్లతో మామ వైపు తిరిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఉంచు. సచ్చినోని పేరు మీద నేను తిన్నది నువ్వు దాస్తే, మిగిలిన ఏడు పేర్ల మీద తిన్నోళ్లను ఏ మొఖం పెట్టుకొని అడుగుతవ్? ఆ ఏడు రోడ్లకు సుత నీళ్లు రావాలె గద."

వాంగ్మూలం రాసిన గుమస్తా కాగితం ముందుకు జరిపి, సంతకం పెట్టమన్నాడు. గట్టయ్య పెన్ను తీసుకున్నాడు. అలవాటుగా 'పో' అని మొదలుపెట్టబోయి ఆగిపోయాడు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మేడం ఏమైందన్నట్టు చూశారు.

"నా పేరు నేనెప్పుడూ రాయలే మేడం," అన్నాడు సిగ్గుపడుతూ.

సమ్మవ్వ ముందుకొచ్చి సంచీలోంచి ఓటు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "గట్టయ్య. ఇగో, ఇండ్ల ఉన్నది చూసి రాయి. తప్పు రాస్తివో ఇంటికి రానియ్య."

గుమస్తాతో సహా అందరూ నవ్వేశారు. ఆ నవ్వుల మధ్య గట్టయ్య ఒక్కో అక్షరం పెద్దగా, వంకరగా, గీతలు దాటించి మరీ రాశాడు. యమునకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, మామ చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

కాంట్రాక్టు ఆగిపోయింది. గట్టయ్య పనీ పోయింది. అదంతా జరుగుతుందని తెలిసే ఆయన వద్దనలేదు, యమున కూడా ఆ వరుస కొట్టేయలేదు. కాలనీలో సగం మంది ఆమెని శభాష్ అన్నారు, సగం మంది సొంత మామ కడుపు కొట్టిన కోడలన్నారు. సరే, వాళ్ల మాట అటుంచండి. ఆ పొద్దు ఆ బల్ల ముందు, ఆ పెన్ను మీ చేతిలో ఉంటే, ఆ ఎనిమిదో వరుసని మీరేం చేసేవాళ్లు?