మట్టి ముట్టని సవరం

ఆషాఢ అమావాస్య... శుక్రవారం... దానికి తోడు సూర్యగ్రహణం!

పడమటికి వాలుతున్న సూర్యబింబాన్ని ఏదో కరాళదంష్ట్ర అంచునుంచి కొరుక్కు తింటోంది. కృష్ణానది మీద వెలుతురు రాగిరంగుకు తిరిగింది. పెనుమూడి దిగువన, రెల్లు మనిషెత్తు పెరిగిన లంకలో పక్షుల కూతలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎక్కడినుంచో ఒక గుడ్లగూబ... పగటిపూట!... గొంతు చీల్చుకుని కూసింది. సముద్రం వైపునుంచి కాటుక మేఘాలు కదిలివస్తున్నాయి. ఉరుము ఉరిమినప్పుడల్లా కొత్తనీటి ఎర్రటి వరద ఒడ్డును ఒరుసుకుంటూ బుసకొడుతోంది.

ఆ లంకలో నీటి అంచున, రక్తవర్ణ వస్త్రం కట్టిన ఒక భీకరాకారుడు పసుపు కుంకుమలతో గీసిన ముగ్గు ముందు కూర్చుని ఉన్నాడు. వాడి పేరు యలమంద. ప్రేతాలను పట్టి బానిసలుగా కట్టేసుకోవడమే వాడి విద్య! ముగ్గు మధ్యలో మనిషి కపాలం. కపాలం మీద నల్లత్రాచులా చుట్టచుట్టుకుని ఒక సవరం... ఒక ఆడమనిషి జుట్టుతో కట్టిన సవరం!

ఎదురుగా జుట్టు విరబోసుకుని, ప్రాణం లేని బొమ్మలా ఒక అమ్మాయి. కరుణశ్రీ. పదిహేడేళ్ళు. తెనాలిలో ఇంటర్ రెండో సంవత్సరం. ఆ సవరం ఆమెది కాదు. తనను ప్రాణంగా చూసుకునే స్నేహితురాలి పెట్టెలోంచి ఆమె దాన్ని దొంగిలించింది!

ఆ స్నేహితురాలి పేరు తహసీన్. తెనాలిలో దర్జీ సైదావలి ఒక్కగానొక్క కూతురు. తల్లి రహీమున్నీసా రెండేళ్ళు కేన్సరుతో పోరాడి, పోయిన చలికాలంలో కన్నుమూసింది. గుంటూరులో మందులు ఎక్కిస్తున్న రోజుల్లో ఆమె జుట్టు దువ్వెనకు పాయలు పాయలుగా ఊడి వచ్చేది. నడుము దాటిన ఆ జుట్టంటే ఆమెకు ఎంత మురిపెమో! రాలిన ప్రతి పాయనూ పాతగుడ్డలో మూటగట్టి దాచింది. ఒంటినుంచి రాలినది మట్టికి చేరాలన్నది సైదావలి పట్టుదల. అందుకని భర్త కొట్లో ఉన్న వేళ చూసి, సవరాలు కట్టే మంగాయమ్మను పిలిపించి సవరం కట్టించుకుంది. కూతురి చేతిలో పెట్టింది.

"మున్నీ, నీ షాదీకి నేనుంటానో లేదో. ఆ రోజు ఇది పెట్టుకో. మీ అబ్బాకి మాత్రం చెప్పకు."

తహసీన్ చెప్పలేదు. తండ్రికి చెప్పలేదు, చుట్టాలకు చెప్పలేదు. చెప్పుకున్నది ఒక్క కరుణశ్రీకే. ఆరో తరగతినుంచి ఇద్దరిదీ ఒకే బెంచీ. అమ్మ మీద బెంగ పుట్టినప్పుడల్లా తహసీన్ రేకుపెట్టె తెరిచి ఆ సవరాన్ని ముఖానికి ఆనించుకుని ఏడ్చేది. పక్కన కూర్చుని వీపు నిమిరే చెయ్యి కరుణశ్రీదే.

కరుణశ్రీ గుండెలోనూ అలాంటి గాయమే ఉంది. ఆమె అన్న వినయ్ కుమార్ బాపట్లలో చదువుతూ, వేసవి మొదట్లో స్నేహితులతో సూర్యలంక సముద్రానికి వెళ్ళాడు. అలలు లాక్కుపోయాయి. శవం దొరకలేదు! తండ్రి జార్జి మాష్టారు సెలవు దొరికితే చాలు, బాపట్ల వెళ్ళి ఆ ఒడ్డు వెంట చీకటిపడేదాకా నడుస్తాడు. తల్లి సామ్రాజ్యం వాకిట్లో అడుగుల చప్పుడైతే చాలు, లేచి తలుపు తీస్తుంది. పూడ్చడానికి పెట్టె లేదు... మొక్కడానికి సమాధి లేదు... ఆ ఇంట్లో ఏడుపుకి కూడా ముగింపు లేదు!

అమ్మమ్మగారి ఊరు పెనుమూడి వెళ్ళినప్పుడు ఎవరో ఆమెకు యలమంద మాట చెప్పారు. చచ్చినవాళ్ళను పిలిచి మాట్లాడిస్తాడట! భయపడుతూనే పడవెక్కి లంకకు వెళ్ళింది. వాడు ఆమె కళ్ళలోకి చూసి నవ్వాడు.

"మీ అన్న ఒంటిని మట్టి ముట్టలేదు పాపా. అలాంటి ప్రాణాన్ని పిలవాలంటే మట్టి ముట్టని జుట్టు కావాలి. బిడ్డ మీద ప్రాణాలన్నీ పెట్టుకుని చచ్చిపోయిన తల్లి జుట్టు! తెస్తావా?"

ఆ క్షణంలో కరుణశ్రీకి తహసీన్ రేకుపెట్టె కళ్ళముందు మెదిలింది.

మర్నాడే... తహసీన్ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిన ఆ కాస్త వ్యవధిలో... పెట్టె మూత లేచింది, దిగింది. అంతే!

రెండు రోజుల తర్వాత పెట్టె తెరిచిన తహసీన్ కెవ్వున అరిచింది. తండ్రికి చెప్పే వీలు లేదు. పరుగెత్తుకుంటూ వెళ్ళి చెప్పుకున్నది ఎవరితో? కరుణశ్రీతోనే! ఆ కరుణశ్రీ ఆమెను కావలించుకుంది. తహసీన్ వెంట ఆమె ఇంటికి వచ్చింది. బట్టలన్నీ దులిపింది, బీరువా కింద చెయ్యి పెట్టి వెతికింది.

"ఎలకలేమన్నా లాక్కుపోయాయేమోనే. ఏడవకే. దొరుకుద్దిలే," అంది.

తహసీన్ నమ్మింది.

సవరాన్ని లంకకు చేర్చి యలమంద చేతిలో పెట్టి వచ్చిన నాటినుంచి కరుణశ్రీలో ఏదో మార్పు! ఎండలో కూర్చున్నా వణికేది. ఎవరూ పిలవకుండానే వెనక్కి తిరిగి చూసేది. ఒక మధ్యాహ్నం కాలేజీ వరండాలో, కుళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నదల్లా ఒక్కసారిగా బిగుసుకుపోయింది. కనుగుడ్లు పైకి తిరిగాయి. నోట్లోంచి... ఆమెది కాని గొంతు!... జబ్బుతో అరిగిపోయిన, ఊపిరి చాలని ఒక నడివయసు గొంతు!

"మున్నీ... తలకి నూనె పెట్టుకోలేదేమే?"

తహసీన్ చేతిలోని పుస్తకాలు జారిపోయాయి. ప్రపంచంలో ఆమెను ఆ పేరుతో పిలిచిన మనిషి ఒక్కతే. ఆ మనిషి మట్టిలో ఉంది!

"మీ అబ్బా మాత్ర వేసుకుంటున్నాడా?... మున్నీ, చలేస్తోందే... ఎవడో నా జుట్టు పట్టుకుని ఈడుస్తున్నాడే... నన్ను పడుకోనీడం లేదే!"

హృదయవిదారకమైన ఆ ఆక్రందనకు వరండాలోని పిల్లలంతా చెల్లాచెదురయ్యారు. కరుణశ్రీ మొదలు నరికిన చెట్టులా కూలిపోయింది. తెలివి వచ్చేసరికి ఆమె తల తహసీన్ ఒళ్ళో ఉంది. పైనుంచి తహసీన్ కన్నీళ్ళు ఆమె నుదుటి మీద పడుతున్నాయి.

"నువ్వే తీశావు కదూ?"

కరుణశ్రీ కళ్ళు మూసుకుంది. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. అన్నయ్య, యలమంద, కపాలం... అంతా చెప్పేసింది. "గ్రహణం పట్టే వేళకి రమ్మన్నాడే. ఆ రోజుతో అన్నయ్య వస్తాడంట."

"మా అమ్మీ ఏడుస్తోంది కరుణా. నీ నోటితోనే ఏడుస్తోంది. వెళ్ళకే. రేపు మా అబ్బాని తీసుకుని ముగ్గురం వెళ్దాం, అది తెచ్చేసుకుందాం. వెళ్ళనని ఒట్టెయ్యి."

కరుణశ్రీ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టింది.

మర్నాడు ఆమె కాలేజీకి రాలేదు! ఇంటికి వెళ్తే, "మీ ఇంటికే వస్తున్నానని చెప్పి పొద్దున్నే వెళ్ళిందమ్మా," అంది సామ్రాజ్యం. తహసీన్ తండ్రి కొట్టుకు పరుగెత్తింది. జుమ్మా నమాజు చేసి అప్పుడే కొట్టు తెరిచిన తండ్రి ముందు నిలబడి, ఇన్నాళ్ళూ దాచినదంతా వెక్కుతూ చెప్పేసింది. సైదావలి కుట్టుమిషను మీద చేతులు ఆనించాడు.

"మీ అమ్మీ అడిగితే నేను కాదంటానా, బేటీ?" అన్నాడు. కొట్టు మూసేశాడు. "పద."

రేపల్లె రైలు ఎక్కి, రేపల్లెలో ఆటో పట్టుకుని, పెనుమూడి రేవులో పడవవాణ్ణి బతిమాలుకుని వాళ్ళు లంకలో అడుగుపెట్టేసరికి... సూర్యుడు సగమయ్యాడు!

రెల్లు చీల్చుకుని వచ్చిన తహసీన్‌కు మొదట కనిపించింది అమ్మీ జుట్టు. కపాలం మీద... నూనె దీపాల వెలుగులో... ప్రాణమున్నదానిలా మెల్లగా కదులుతోంది!

"కరుణా! లేవే!"

యలమంద తల తిప్పాడు. వాడి మొహంలో కోపం లేదు, పైశాచికానందం!

"వచ్చావా! నువ్వే వస్తావని తెలుసు. కట్టిన ప్రేతం తొలి బలిగా కన్నబిడ్డనే తీసుకోవాలి. ఆ తర్వాత దానికి మమకారం ఉండదు. నేను చెప్పిందల్లా చేస్తుంది!"

"మరి మా అన్నయ్య..." కరుణశ్రీ పెదవులు కదిలాయి. ఆ ఒక్క క్షణం అది ఆమె సొంత గొంతే.

యలమంద పగలబడి నవ్వాడు. "సముద్రం మింగినవాణ్ణి నేనెక్కడ తెచ్చేదే పిచ్చిదానా!"

కరుణశ్రీ మొహంలో ఏదో ఆరిపోయింది. మరుక్షణం వాడు పిడికెడు కుంకుమ సవరం మీద చల్లి భయంకరంగా గర్జించాడు. ఆమె దేహం విల్లులా వంగి, లేచి నిలబడింది. కళ్ళలో నల్లగుడ్డు లేదు! రెండు చేతులూ చాచి తహసీన్ వైపు నడిచింది. అడ్డంవచ్చిన సైదావలిని ఒక్క విసురుతో రెల్లుగడ్డిలోకి విసిరేసింది.

"నులుము! దాని గొంతు నులుము!"

చల్లటి వేళ్ళు తహసీన్ గొంతు చుట్టూ బిగుసుకున్నాయి. ఊపిరి ఆగిపోతోంది... చెవుల్లో హోరు... కళ్ళముందు చీకటి... ఆమె విదిలించుకోలేదు. ఆ చేతులు పట్టుకుని ఒక్క మాట అంది.

"అమ్మీ."

వేళ్ళు ఆగాయి!

వణికాయి... సడలాయి... మెడ మీదనుంచి మెల్లగా పైకి, చెదిరిపోయిన ఆమె జుట్టులోకి వెళ్ళాయి. చిక్కులు విడదీశాయి. మూడు పాయలు చేశాయి. ఆ దారుణ గ్రహణవేళ, మృత్యువు నోటి ముందు నిలబడి, రహీమున్నీసా తన కూతురికి జడ అల్లడం మొదలుపెట్టింది!

"ఏం చేస్తున్నావే! చంపు! నా ఆజ్ఞ!" యలమంద మంత్రం మీద మంత్రం చదివాడు. ఒక్కటీ పారలేదు. జడ చివరిదాకా అల్లి, తహసీన్ తల ఒక్కసారి నిమిరి, ఆ రూపం వాడి వైపు తిరిగింది.

పిడుగు పడింది! కపాలం వెయ్యి వక్కలైంది! సవరం సర్రున సాగి వాడి మెడకు చుట్టుకుంది. ఒక పేట... రెండు పేటలు... వాడు పీకిన కొద్దీ బిగుసుకుంది. "వదులు! తల్లీ, వదులు!" వాడి కేక పూర్తికాలేదు. కాళ్ళకింద ఒడ్డు పెళ్ళుమని విరిగి, ముగ్గుతో సహా వాణ్ణి వరద నడిమికి లాక్కుపోయింది. ఎర్రటి నీళ్ళలో ఎర్రటి గుడ్డ ఒక్కసారి తేలింది... మునిగింది... మళ్ళీ తేలలేదు!

వాడి మెడ వదిలిన సవరం ఒడ్డు అంచున తడిసి, మామూలు సవరంలాగే పడివుంది.

"మున్నీ," అంది ఆ గొంతు, ఇప్పుడు దూరంనుంచి. "అలిసిపోయానే. నన్నింక పడుకోనియ్యి."

తహసీన్ తల ఊపింది. కరుణశ్రీ ఇసుకలో కుప్పకూలింది. సూర్యుడు గ్రహణం విడిపించుకుని, మబ్బుల చాటున మెల్లగా అస్తమించాడు.

మర్నాడు సైదావలి ఆ సవరాన్ని తెల్లగుడ్డలో చుట్టి కబరస్తాన్‌కు తీసుకువెళ్ళాడు. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళరు గనుక తహసీన్ గేటు బయటే నిలబడింది. తండ్రి వంగి మట్టి తీయడం, మట్టి కప్పడం దూరంనుంచి చూసింది. ఆమె దగ్గర అమ్మీది ఇక ఒక్క వెంట్రుక కూడా మిగల్లేదు.

కరుణశ్రీ చాలాకాలం జ్వరంతో పడివుంది. తేరుకున్నాక ఒక సాయంత్రం వచ్చి గడప బయటే నిలబడింది. తహసీన్ లోపలికి పిలిచింది, టీ ఇచ్చింది.

"నన్ను అడిగుంటే ఇచ్చేదాన్ని కదే," అంది తహసీన్. "మీ అన్నయ్య కోసమంటే నేనే పట్టుకుని నీతో వచ్చేదాన్ని."

"తెలుసు," అంది కరుణశ్రీ. "నువ్విస్తావని తెలుసు. ఇస్తే నీకేం మిగలదనీ తెలుసు. నీ మొహం చూస్తూ అడగలేకపోయానే."

"వెతికేటప్పుడైనా చెప్పాల్సింది."

టీ చల్లారిపోయింది.

దసరా సెలవుల తర్వాత జార్జి మాష్టారు బాపట్లకు బదిలీ చేయించుకున్నాడు. కొడుకును మింగిన సముద్రానికి దగ్గరగా ఉంటేనే సామ్రాజ్యం అన్నం ముడుతోందట. వాళ్ళు వెళ్ళేరోజు తహసీన్ స్టేషనుకు వచ్చింది. రాదేమోననుకున్న కరుణశ్రీ ఆమెను చూడగానే ప్లాట్‌ఫారం మీదే బావురుమంది.

"నన్ను క్షమించావా?"

"క్షమించానే. నిజంగా," అంది తహసీన్. అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ కావలించుకున్నారు. ఆరో తరగతినుంచీ ఎన్నిసార్లు అలా కావలించుకున్నారో!

రైలు కూత వేసింది. విడివడబోతూ కరుణశ్రీ కిందికి చూసింది. తహసీన్ కుడిచెయ్యి తన వీపు మీద ఉంది. ఎడమచెయ్యి మాత్రం... ఆమెకు తెలియకుండానే... భుజానికి తగిలించుకున్న సొంత సంచీ మూతిని గట్టిగా బిగించి పట్టుకుని ఉంది.

తహసీన్ కూడా అప్పుడే చూసుకుంది. గబుక్కున చెయ్యి తీసేసింది.

కరుణశ్రీ కళ్ళు తుడుచుకుని రైలెక్కింది. ప్లాట్‌ఫారం వైపు కిటికీ దగ్గర చోటున్నా అక్కడ కూర్చోలేదు.