ఎర్రజెండాకు అడ్డం పెట్టిన చెయ్యి

“సినిమాకి వెళ్లాలి,” అన్నాడు ఢిల్లీ నుంచి సౌదీకి ఫోన్ చేసిన చీఫ్. “రాస్ తనూరా లేబర్ క్యాంపులో చైనా మేనేజర్లు తమ విప్లవ బ్యాలే సినిమా వేస్తున్నారు. తెర కింద బాంబు, దానికి లైట్ సెన్సర్. ఆఖరి సీన్‌లో ఎర్రజెండా తెరంతా నిండగానే పేలుతుంది. నెపం మన కూలీల మీద పడుతుంది.”

“సార్, నా నివాస పర్మిట్ ఇకామా గడువు అయిపోయింది. సౌదీలను సరిపడా పెట్టుకోలేదని నితాకత్‌లో మన కవర్ కంపెనీ రెడ్‌లో పడింది. మీరు సరిచెయ్యకపోతే రిన్యూ చెయ్యరు.”

“ముందు పని కానివ్వు.”

జనార్దన్‌కు ఒళ్లు మండింది. ఎప్పుడడిగినా ఇదే మాట. అయినా ప్రొజెక్టర్ ఆపరేటర్ వేషంలో సాయంత్రానికి క్యాంపు చేరాడు.

దుబాసీ అఫ్షాన్ ఎదురొచ్చింది. అబాయాలోనూ అందం దాగని మనిషి. బాంబు పెట్టిన ముఠాకూ పనిచేస్తుంది, ఢిల్లీకీ పనిచేస్తుంది.

“మీ ఏసీ నీళ్లు కారుతోందా?”

“బకెట్ పెట్టాను.”

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. “తలుపు దగ్గర ముఠా మనిషి హెన్రిక్ ఉన్నడు. జేబుల రిమోట్. సినిమా ఆపితే నొక్కేస్తడు. నాకు చీకటి కావాలె, వైరు కోసేస్త.”

చీకటికేం కొదవ! పొట్టి నిక్కర్ల అమ్మాయిలు తుపాకులతో గెంతినప్పుడల్లా లెన్స్‌కు అరచేయి అడ్డం పెట్టడం ఆ క్యాంపుల్లో ఆపరేటర్ల ఆనవాయితీ. మతపోలీసులకు ఫిర్యాదు వెళ్తే కొంప మునుగుతుంది మరి.

రెండుసార్లు అడ్డం పెట్టాడు. రెండుసార్లూ అఫ్షాన్‌కు వైరు దొరకలేదు. ఇంతలో ఆఖరి సీన్ వచ్చేసింది. జెండా విప్పుకుంటూ లేచింది, పక్కనే నిక్కర్ల దండు. జనార్దన్ చెయ్యి పెట్టాడు. లెన్స్ వేడికి అరచేయి చురుక్కుమంది. హాలంతా ఈలలు, తిట్లు. హెన్రిక్ మాత్రం ఇది మామూలేనని ఆవలించాడు.

చీకట్లో అఫ్షాన్ రెండుసార్లు దగ్గింది.

జనార్దన్ చెయ్యి తీశాడు. తెర ఎర్రబడింది. ఏమీ కాలేదు. హెన్రిక్ జేబులో రిమోట్ నొక్కాడు, మళ్లీ నొక్కాడు, పరుగెత్తి అఫ్షాన్ పిలిపించిన పోలీసుల చేతుల్లోనే పడ్డాడు.

పోలీసులు అంతటితో ఆగలేదు. అందరి ఇకామాలూ అడిగారు.

“ఈ ఆపరేటర్ ఎవరు?”

“నాకు తెలియదు,” అంది అఫ్షాన్, అతని మొహం చూడకుండా. తనైనా అదే చెప్పేవాడు. జనార్దన్ చీఫ్‌కు ఫోన్ చేశాడు. ఢిల్లీలో ఫోన్ ఎవరూ ఎత్తలేదు.

దేశం నుంచి పంపించేయాల్సినవాళ్లను ఉంచే తర్హీల్‌కు బయల్దేరిన వ్యానులో పక్కన కూర్చున్నవాడు నిజామాబాద్ మేస్త్రీ బుచ్చన్న. అతని కంపెనీ కూడా రెడ్‌లోనే ఉంది.

“నువ్వేనా గా ఆపరేటర్‌వి? మంచి సీన్ల చెయ్యి అడ్డం పెట్టి సినిమా ఖరాబ్ జేస్తివి గదనే! ఇంతకు ఆఖర్కి ఏమైంది?”

“అందరూ బతికారన్నా.”

బుచ్చన్న పెదవి విరిచాడు. “సినిమాలల్ల గట్లనే సూపిస్తరు తియ్.”