యాభైకి ఎన్ని తక్కువ

మా అక్కావాళ్ళుండే బిల్డింగులో రెండో అంతస్తు మూల ఫ్లాటుకి ఏమంత మంచి పేరు లేదు. మూడేళ్ళలో నాలుగు సంసారాలు దిగాయి, నాలుగూ పెట్టే బేడా సర్దుకుని పోయాయి. మొదటివాళ్ళు వంటింట్లో ఎవరో గొంతు సవరించుకుంటున్నారన్నారు. రెండోవాళ్ళు తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయన్నారు. మూడోవాళ్ళు ఏమీ అనలేదు, సగం సామాను వదిలేసి పోయారు. అది ఇంకా భయం. ఆఖరివాళ్ళయితే అర్ధరాత్రి లారీ పిలిపించుకున్నారు. వాళ్ళాయనకి బదిలీ అయిందని తర్వాత తెలిసింది గానీ, అప్పటికే ఫ్లాటు పరువు పోయింది.

సరిగ్గా దాని నెత్తిమీద, మూడో అంతస్తులో, మా అక్కా బావా ఉంటారు. ఇద్దరే. ఒక గది, ఒక వంటిల్లు, మనిషి అడ్డం తిరగలేని బాల్కనీ. అక్క స్కూల్లో లెక్కల టీచరు. బావ సిటీ బస్సు డ్రైవరు. బావ నాకు చెప్పింది చెప్పినట్టే మీకు చెబుతున్నాను. కాస్త అటూ ఇటూ అయితే ఆ పాపం ఆయనదే.

అసలు గొడవంతా బావ పొట్టతో వచ్చింది. ఇరవై రెండేళ్ళు సీట్లో కూర్చుని పెంచుకున్న పొట్ట. డిపోకి కొత్తగా వచ్చిన డాక్టరు బావని తూకం మెషీన్ ఎక్కించి, ముల్లు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నలభై రోజులు టైమిస్తున్నా. ఏడు కిలోలు తగ్గకపోతే స్టీరింగ్ వదిలేసి పార్సిల్ కౌంటర్లో కూర్చోవాలి," అన్నాడు.

బావకి ఆ బస్సంటే ప్రాణం. గేరు చప్పుడు విని దాని ఒంట్లో ఎలా ఉందో చెప్పేస్తాడు. పార్సిల్ కౌంటరు మాట విన్న రోజు మంచం మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. ఈ ముక్క అక్క చెప్పింది, బావ చెప్పలేదు.

డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. వ్యాయామం ఏదైనా ఆ తర్వాతే, ఆ గదిలోనే. మంచానికీ బీరువాకీ మధ్య ఒక చాప పట్టేంత జాగా ఉంది. చేతులు చాపితే కుడిచెయ్యి బీరువాకి తగులుతుంది, ఎడమచెయ్యి అక్కకి. అందుకని ఆ అరగంటా అక్క ఎదురింట్లో టీవీ చూస్తానని వెళ్ళిపోయేది. వెళ్ళేముందు బీరువాకి అతికించిన కాగితం మీద వేలు పెట్టి చూపించేది — గెంతులు, యాభై.

కింద ఫ్లాటు ఎలాగూ ఖాళీ. ఎంత గట్టిగా గెంతినా అడిగే నాథుడు లేడు.

మొదటి రాత్రి పద్దెనిమిది గెంతేసరికి బావకి ఎగశ్వాస వచ్చింది. ఇవాల్టికి చాల్లే అని మంచం మీద కూలబడి, నీళ్ళ సీసా ఎత్తాడు. అప్పుడు... కింద నుంచి...

ధబ్.

సీసా నోటి దగ్గరే ఆగిపోయింది.

ధబ్... ధబ్... ధబ్...

ఒకే తీరున, తొందరా లేదు, ఆలస్యమూ లేదు. సరిగ్గా ఆయన కాళ్ళ కింద. చాలాసేపు మోగి, దానంతటదే ఆగిపోయింది.

రెండో రాత్రి ఇరవై రెండు దగ్గర ఆగాడు. ఈసారి లెక్కపెట్టాడు. కింద ఇరవై ఎనిమిది మోగాయి. మూడో రాత్రి పైన ముప్పై, కింద ఇరవై. బావకీ లెక్కలకీ ఆమడ దూరం. అయినా ఈ లెక్క తెలిసిపోయింది. తను ఎన్ని తగ్గిస్తే అన్ని... కింద ఎవరో... పూర్తి చేస్తున్నారు.

అక్క రాగానే చెయ్యి పట్టుకుని గుసగుసగా చెప్పాడు.

"ఖాళీ కొంపలో ఎవరుంటారండీ?" అంది అక్క.

"అదే నేనూ అడుగుతున్నా."

"అంత భయమైతే మానెయ్యండి. పార్సిల్ కౌంటర్లో దెయ్యాలుండవు."

ఆ మాట బావకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నాలుగో రాత్రి పళ్ళు బిగించి యాభై గెంతాడు. చెవి నేలకి ఆనించి విన్నాడు. కింద చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

అప్పట్నుంచి రోజూ యాభై. ఒళ్ళు బద్ధకించినా, చినుకులు పడుతున్నా, డ్యూటీలో ఎవరితోనైనా పోట్లాడి వచ్చినా యాభై. ఒకసారి మాత్రం ఉండబట్టలేక నలభై తొమ్మిది దగ్గర ఆగి చూశాడట. క్షణం... రెండు క్షణాలు... కింద ఒక్కటంటే ఒక్క ధబ్! బావ ముసుగుతన్ని పడుకున్నాడు.

నెల తిరిగేసరికి చొక్కా బొత్తాలు ఊపిరి పీల్చుకున్నాయి. పొట్టకీ స్టీరింగుకీ మధ్య చెయ్యి దూరేంత సందు వచ్చింది. డిపోలో వాళ్ళు రహస్యమేమిటని అడిగితే, "కోచ్‌ని పెట్టుకున్నా, చాలా కఠినం," అన్నాడట.

ముప్పై తొమ్మిదో రాత్రి వచ్చింది. తెల్లారి ఏడింటికి తూకం. ఇంట్లో మెషీన్ మీద ముల్లు డాక్టరు చెప్పిన గీతకి వెంట్రుకవాసి పైనే ఉంది. అది చాలదన్నట్టు సాయంత్రం బస్సు దిగుతుంటే కుడి మోకాలు పట్టేసింది. ఇవాళ గెంతితే రేపు కుంటుకుంటూ పోవాలి. కుంటే డ్రైవరు చేతిలో బస్సు ఎవరు పెడతారు? గెంతకపోతే కింద యాభైకి యాభై మోగుతాయి. అవి వింటూ పడుకునే గుండె ఆయనకి లేదు.

ఇంత సర్వీసులో బావ ఒక్కరోజు చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టలేదు. సెలవు కావాలంటే అడిగి తీసుకునేవాడు. ఇప్పుడూ అదే తోచింది. అక్క ఎదురింటికి వెళ్ళాక కాసేపు గుండె చిక్కబట్టుకుని, తలుపుకి తాళం వేసి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు.

మూల ఫ్లాటు తలుపు... ఓరగా తీసి ఉంది.

లోపల దీపం లేదు. కిటికీలోంచి వీధి లైటు వెలుగు కాస్త పడుతోంది. గది మధ్యలో ఎవరో ఎత్తుగా నిలబడి ఉన్నారు. జుట్టు విరబోసుకుని, మొహం పైకప్పుకేసి పెట్టి, చేతిలో పొడుగాటి కర్రతో...

బావ చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా... రేపు నాకు టెస్టు... ఈ ఒక్క రాత్రికి సెలవిప్పించండి..."

"ష్! లెక్క తప్పుతుంది," అంది ఆ ఆకారం తల తిప్పకుండా. "ముప్పై ఆరు... ముప్పై ఏడు..."

ఆ గొంతు! పదిహేనేళ్ళుగా రోజూ వింటున్న గొంతు!

స్టూలు మీద మా అక్క. చేతిలో బూజుకర్ర. అద్దెకొచ్చేవాళ్ళకి చూపించమని ఓనరు తాళంచెవి అక్క దగ్గరే ఉంచిన సంగతి తను బావకి చెప్పనే లేదట. ఎదురింటి టీవీ అంతా ఉత్తిదే.

"నువ్వా!" అన్నాడు బావ. కోపం రావాల్సింది, కళ్ళలో నీళ్ళొచ్చాయట.

"మరి నేను చెబితే విన్నారా ఎప్పుడైనా? దెయ్యం చెబితే విన్నారు. మీరు ఆ కౌంటర్లో కూర్చుని ఏడుస్తుంటే నేను చూడలేక..." అంటూ అక్క ఇటు తిరిగింది.

తిరిగి, గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూసింది. పైకప్పు చూసింది. మళ్ళీ మొగుణ్ణి చూసింది.

"మీరు ఇక్కడుంటే..."

ధబ్, అంది పైన.

"ముప్పై ఎనిమిది," అంది అక్క నోరు, దాని అలవాటు కొద్దీ.

"తాళం వేశారా?"

"వేశా. తాళంచెవి జేబులోనే ఉంది."

ధబ్... ధబ్... ధబ్...

నలభై ఒకటి దగ్గర ఆగిపోయింది. వాళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పైన ఉన్నది కూడా అలాగే ఊపిరి బిగబట్టి వింటున్నట్టు అనిపించిందట బావకి.

"తొమ్మిది తక్కువ," అంది అక్క, వినీ వినపడకుండా.

బావ మోకాలి సంగతే మర్చిపోయాడు. చీకట్లో, ఆ ఖాళీ గది నడిమధ్య నిలబడి గెంతాడు. అక్క కర్ర పారేసి, స్టూలు దిగి, ఆయన చెయ్యి పట్టుకుని తనూ గెంతింది. ఒకటి... రెండు... తొమ్మిదీ పూర్తయ్యాయి.

పైన మంచం కిర్రుమంది — ఎవరో అలిసిపోయి కూలబడ్డట్టు.

ఇద్దరూ రాత్రంతా మెట్ల మీదే కూర్చున్నారు. తెల్లారాక పైకి వెళితే వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల ఎవరూ లేరు. బావ మొహం కడుక్కుని డిపోకి పోయి మెషీన్ ఎక్కాడు. గీతకి రెండొందల గ్రాములు తక్కువ వచ్చాడు. రాత్రి పట్టిన చెమటే అంత ఉంటుందని నా లెక్క. మోకాలు ఎప్పుడు వదిలిందో ఆయనకే తెలీదు. స్టీరింగు దక్కింది.

మొదటి అంతస్తువాళ్ళు మాత్రం ఆ వారమే వేరే ఇల్లు వెతుక్కోవడం మొదలుపెట్టారు. రాత్రిపూట నెత్తిమీద, ఆ ఖాళీ ఫ్లాటులో, ఎవరో జంటగా గెంతుతున్నారట.

ఈ కథంతా విన్నాక నేను బావని ఒక్కటే అడిగాను. "పాసయ్యావుగా బావా, ఇంకా రోజూ ఈ గెంతులెందుకు?"

బావ బీరువాకేసి చూసి, గొంతు తగ్గించాడు. "సరే, ఇవాళ మానేస్తా. నువ్వు ఇక్కడే పడుకో. మిగతావి ఎవరు గెంతుతారో ఇద్దరం విందాం."

ఆ రాత్రి మంచానికీ బీరువాకీ మధ్య, ఆ ఒక్క చాప జాగాలో, బావ పక్కన ఇరుక్కుని నేనూ యాభై గెంతాను.