వద్దనాలనుంది, వెళ్ళండి

లిఫ్ట్ రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయి అప్పటికి పదకొండు నిమిషాలైంది.

లోపల ఆమె ఒక్కతే ఉంది. ఒక చేతిలో క్యాన్సిలేషన్ ఫారాల దొంతర, ఇంకో చేతిలో చల్లారిపోయిన కాఫీ.

"హలో! ఎవరైనా ఉన్నారా?" పదోసారి అరిచింది.

"ఉన్నానండీ," అంది పైనుంచి ఒక మగ గొంతు, తీరిగ్గా. "తలుపుకి కాస్త దూరంగా జరగండి. మెషిన్ రూమ్‌లో చక్రం తిప్పి మెల్లగా కిందకి దించుతాను."

"తాడు తెగితే?"

"ఒకటి కాదండీ, అయిదు తాళ్ళున్నాయి."

"అయిదూ తెగితే?"

"బ్రేక్ పట్టుకుంటుంది."

"బ్రేక్ పట్టుకోకపోతే?"

పైన చక్రం తిరుగుతున్న చప్పుడు ఆగింది.

"మీరేం పని చేస్తారండీ?"

"ట్రావెల్ ఆఫీసులో. మూడో అంతస్తు."

"మీ మాటలు విన్నాక కూడా జనం ప్రయాణాలు చేస్తున్నారా?"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. రెండో అంతస్తులో తలుపు తెరుచుకోగానే మెట్లెక్కి పైకి పరిగెత్తింది. పై మెట్ల మీంచి దిగొస్తున్నాడు అతను. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా గ్రీజుతో. పెదాల మీద నవ్వు మాత్రం శుభ్రంగా ఉంది.

"థాంక్స్ చెప్పడానికి వచ్చారా?" అన్నాడు.

"కంప్లయింట్ ఎవరికివ్వాలో అడగడానికి వచ్చాను," అని విసురుగా ఆఫీసులోకి వెళ్ళిపోయింది.

నిజానికి ఆమె కోపమంతా అతని మీద కాదు. పది రోజులుగా ఆమె పని ఒకటే, ఒక పరాయి దేశానికి వెళ్ళాల్సినవాళ్ళ టికెట్లు రద్దు చెయ్యడం. అక్కడ ఎన్నికలు జరిగాయి. ఓడినవాళ్ళు ఒప్పుకోలేదు. రోజూ ఊరేగింపులు, లాఠీలు, టీవీలో పొగ. ఆమె కంప్యూటర్ మ్యాపులో ఆ దేశం మొదట పసుపు రంగులో ఉండేది, తర్వాత నారింజ అయింది, ఇప్పుడు ఎరుపు. వెళ్ళాలా వద్దా అని ఎవరడిగినా "వద్దండీ" అని ఆమె ఎంత నచ్చజెప్పేదంటే, మేనేజర్ ఆమెకి 'క్యాన్సిలేషన్ క్వీన్' అని పేరు పెట్టేశాడు.

అరగంట తర్వాత ఆమె కౌంటర్ ముందు కుర్చీ కిర్రుమంది. తలెత్తి చూస్తే లిఫ్టబ్బాయి. చేతులు కడుక్కుని, జుట్టు తడిచేసి దువ్వుకుని వచ్చాడు.

"ఒక టికెట్ కావాలండీ," అంటూ ఆ దేశం పేరు చెప్పాడు.

ఆమె పెన్ను కింద పెట్టేసింది. "ఏడిపిస్తున్నారా?"

"లేదండీ. నిజంగానే."

"అక్కడేం జరుగుతోందో తెలుసా? టీవీ చూస్తారా? గవర్నమెంటువాళ్ళు అత్యవసరమైతే తప్ప వెళ్ళొద్దని నోటీసు పెట్టారు. చదివారా?"

"చదివాను. 'ఈ లిఫ్ట్ ఎక్కరాదు' అనే బోర్డు నేనే తగిలిస్తుంటానండీ. తగిలించి, నేనే ఎక్కుతాను. ఎవరో ఒకరు ఎక్కాలి కదా."

ఆమెకి నవ్వొచ్చింది. రాకుండా పెదవి కొరుక్కుంది. "ఎందుకెళ్ళాలి?"

అప్పుడతను కుర్చీలో కాస్త ముందుకి జరిగాడు. అక్కడ వాళ్ళక్క ఉంది. స్కూల్లో లెక్కల టీచర్. తొమ్మిదో నెల. బావ ఓడలో ఇంజనీరు, నడిసముద్రంలో ఉన్నాడు, కాన్పు తర్వాతగానీ ఒడ్డుకి రాలేడు. ఈ స్థితిలో అక్కని విమానం ఎక్కించుకోరు. అమ్మ వెళ్ళాల్సింది, మడమ విరిగి కట్టుతో ఉంది. నాన్నేమో "ఉన్న ఒక్క కొడుకునీ మంటల్లోకి పంపుతానా" అంటున్నాడు.

"మీ అక్కేమంటోంది?"

"రావద్దంటోంది."

"మరి?"

"మా అక్క చిన్నప్పట్నుంచీ అంతే. కావాల్సిందేదీ నోరు తెరిచి అడగదు. కాబట్టి రావద్దంటే ఏమిటో నాకు అర్థం కావట్లేదు."

ఆమెకి వెంటనే "వద్దండీ" అనబుద్ధి కాలేదు. "ఈరోజు టికెట్ ఇవ్వను," అంది. "అక్కడ మిమ్మల్ని ఎవరు కలుస్తారు, ఇల్లు ఎక్కడ, ఆసుపత్రికి ఎటునుంచి వెళ్ళాలి, అన్నీ రాసుకుని రేపు రండి."

"పరీక్షా?"

"అవును. పాస్ మార్కులు తొంభై."

మర్నాడు భోజనం వేళకి వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మూడో రోజు ఆ బిల్డింగులో లిఫ్ట్ బాగానే తిరుగుతున్నా సర్వీసింగ్ అని వచ్చాడు. మేనేజర్ లెక్కపెడుతూనే ఉన్నాడు.

"క్వీన్ గారూ, ఆ లిఫ్ట్‌కి ఎంత సేవ జరుగుతోందో! మా ఇంట్లో ఫ్రిజ్‌కి కూడా ఎవరైనా ఇలా వస్తే బాగుండు."

"సార్, కస్టమరండీ!"

"కస్టమరైతే టికెట్ కొనాలిగా?"

అదే చిక్కు. ఒకరోజు విమానాలు నడుస్తున్నాయనేవారు, మర్నాడు లేవనేవారు. అతను ప్రశ్న అడిగితే ఆమె ఎదురు ప్రశ్న వేసేది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఆ నగరం మ్యాపు చూసేవారు. అతనికి ఆమె రాసే గుండ్రటి అక్షరాలు నచ్చాయి. ఆమెకి అతను ఏ విషయాన్నీ 'ఏం కాదులే' అని కొట్టిపారెయ్యకపోవడం నచ్చింది. ప్రతి భయానికీ అతని దగ్గర ఒక పనిముట్టు ఉన్నట్టుండేది.

నాలుగో రోజు బయట జోరుగా వాన. అతను తడిసి ముద్దయి వచ్చి, ఫోన్‌లో వీడియో కాల్ కలిపి కౌంటర్ మీద పెట్టాడు.

"అక్కా, ఈవిడే. నన్ను రోజూ ఫెయిల్ చేస్తున్నది."

తెరమీద గుండ్రటి మొహం, పెద్ద కళ్ళు. "ఓహో, ఈ అమ్మాయేనా? నీ మెసేజుల్లో నా బీపీ సంగతి ఒక్క లైను, ఈ అమ్మాయి సంగతి ఇరవై లైన్లు ఉంటున్నాయి కదరా!"

ఇద్దరూ ఒకేసారి తలలు పక్కకి తిప్పుకున్నారు. ఒకరు కిటికీ వైపు, ఒకరు ప్రింటర్ వైపు.

అక్క నవ్వుతూ ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. "చూడమ్మాయ్, ఇదే మా వీధి." ఎదురింటాయన గేటుకి రంగు వేసుకుంటున్నాడు. బేకరీ ముందు క్యూ ఉంది. పిల్లలు సైకిల్ తొక్కుతున్నారు. "టీవీవాళ్ళు చూపించేది ఆ ఒక్క కూడలే. మేం దాన్ని తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్తాం, అంతే. నాకేం భయం లేదు. వీణ్ణి రావద్దని చెప్పు."

ఇన్నాళ్ళూ ఆమెకి ఆ దేశమంటే ఎర్రటి మచ్చ. ఆ మచ్చలో ఒకాయన గేటుకి ఆకుపచ్చ రంగు వేసుకుంటున్నాడంటే వింతగా అనిపించింది.

ఇంతలో కింద అంతస్తునుంచి ఎవరో "లిఫ్టాయనా!" అని కేకేశారు. "ఇప్పుడే వస్తా," అని ఫోన్ అక్కడే వదిలి పరిగెత్తాడు.

అతను అలా వెళ్ళాడో లేదో, అక్క మొహంలో నవ్వు ఆరిపోయింది.

"వెళ్ళాడా?"

"వెళ్ళారండీ."

"నిన్న మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్తుంటే వంతెన దగ్గర రోడ్డు మూసేశారు. రెండు గంటలు ట్యాక్సీలో కూర్చున్నాను. పోలీసులు వదిలిన పొగకి కళ్ళు మండిపోయాయి. డ్రైవరు మంచివాడు, నీళ్ళు తెచ్చిచ్చాడు." అక్క గొంతు సన్నబడింది. "నొప్పులు అప్పుడొస్తే ఏం చేసేదాన్ని? నాకు భయంగా ఉందమ్మా. కానీ వాడితో చెబితే ఒక్క క్షణం ఆగడు. వాడికేమైనా అయితే నాన్న మొహం నేనెలా చూడను? నువ్వు మాత్రం చెప్పకేం."

అతను తిరిగొచ్చేసరికి అక్క మళ్ళీ నవ్వుతోంది. ఆమెకి మాత్రం ఆ సాయంత్రం ఏ ఫారం మీద ఎవరి పేరు రాసిందో గుర్తులేదు.

రాత్రి కళ్ళు మూసుకున్నా అదే ఆలోచన. అతను వెళ్తే? వంతెన మీద గొడవలో ఇరుక్కుంటే? తను గట్టిగా 'వద్దు' అంటే ఆగిపోతాడేమో. వద్దనడం తన ఉద్యోగమే కదా, ఎవరూ తప్పు పట్టరు. అలా అనుకున్న మరుక్షణం ట్యాక్సీలో ఒంటరిగా కూర్చున్న అక్క గుర్తొచ్చేది.

మర్నాడు అతను వచ్చి కూర్చున్నాడు. ఎప్పటిలా నవ్వలేదు.

"వెళ్ళడం మానేద్దామనుకుంటున్నానండీ. అక్క వద్దంటోంది. నాన్న అన్నం దగ్గర మాట్లాడ్డం మానేశాడు. ఈ ప్రయాణం గురించి నిజంగా ఆలోచించింది నేను కాకుండా మీరొక్కరే. మీరు చెప్పండి. వద్దంటే వద్దు."

ఒక్క మాట చాలు. అతను ఇక్కడే ఉంటాడు. రేపు మధ్యాహ్నం మళ్ళీ ఈ కుర్చీలోనే కిర్రుమంటూ కూర్చుంటాడు.

ఆమె కీబోర్డు పక్కకి జరిపింది. "మీ అక్క నాతో ఒక మాట చెప్పారు. మీకు చెప్పొద్దన్నారు. మాట తప్పుతున్నాను, తిడితే తిట్టించుకుంటాను." వంతెన సంగతి, ట్యాక్సీ సంగతి, భయం సంగతి మొత్తం చెప్పేసింది. "వెళ్ళండి," అంది చివర్న.

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మొదట్నుంచీ వద్దన్నారు కదా. ఇప్పుడు వెళ్ళమంటుంటే మీ కళ్ళల్లో నీళ్ళెందుకండీ?"

"మొదట్లో వద్దన్నది కస్టమర్‌కి. ఇప్పుడు కూడా వద్దనాలనే ఉంది. కానీ కారణం ఆ దేశం కాదు."

"మరి?"

"మీరు లిఫ్టుల మెకానిక్ కదా, ఆ మాత్రం ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టలేరా?"

పక్క కౌంటర్లో మేనేజర్ స్టేప్లర్ కొట్టడం ఆపేశాడు.

లిఫ్టబ్బాయి చెవులు ముందు ఎరుపెక్కాయి, తర్వాత మొహం. "రిటర్న్ టికెట్ ఎప్పటికి పెడుతున్నారు?" అన్నాడు.

"నెలకి."

"ఒక వారం ముందుకి జరపండి. అప్పటికి బావ వచ్చేస్తాడు. నేనిక్కడ లేకపోతే మీరు ఆ లిఫ్ట్ ఎక్కరు, మెట్లెక్కి కాళ్ళు నొప్పులంటారు."

"ముందు వెళ్ళి రండి," అంది ఆమె. కీబోర్డు మీద ఆమె వేళ్ళు మూడుసార్లు తప్పు నొక్కాయి.

ప్రయాణం వివరాలు ఆమె రెండు పేజీలు రాసిచ్చింది. ఉదయం దిగేలా విమానం. నీళ్ళు తెచ్చిచ్చిన ఆ ట్యాక్సీ డ్రైవరే ఎయిర్‌పోర్టుకి వచ్చేలా ఏర్పాటు. వంతెన దాటకుండా, ఇంటివైపే ఉన్న చిన్న ఆసుపత్రిలో ముందే పేరు రాయించడం. ఈ చివరి సంగతి విని అక్క ఫోన్‌లో ముందు మాట తప్పినందుకు తిట్టింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత "మా ఇంటికి ఎప్పుడొస్తావే?" అంది.

అతను వెళ్ళాడు. రోజూ మెసేజులు. 'చేరాను.' 'అక్క బరువు నాకంటే ఎక్కువ.' 'ఇక్కడి లిఫ్టులు ఘోరం, చేతులు దురద పెడుతున్నాయి.' పదకొండో రోజు ఉదయం మెసేజ్ రాలేదు. మధ్యాహ్నానికి తెలిసింది, ఆ నగరంలో సెల్‌ఫోన్లూ ఇంటర్నెట్టూ మొత్తం ఆపేశారు.

మూడు గంటలకి ఆఫీసు ఫోన్ మోగింది.

"మావాణ్ణి పంపించింది నువ్వేనా?" పెద్దాయన గొంతు.

"నేనేనండీ."

"ఇంటికి రా," అని అడ్రస్ చెప్పి పెట్టేశాడు.

చీవాట్లకి సిద్ధమై వెళ్ళింది. తలుపు తీసిన పెద్దాయన చేతిలో ఆమె రాసిన రెండు పేజీల జెరాక్స్ కాపీ ఉంది. మడతలు పడి నలిగిపోయింది.

"పొద్దుట్నుంచీ ఇదే చదువుతున్నాను," అన్నాడు. "ఈ నాలుగో పాయింటు అర్థం కాలేదు. సెల్‌ఫోన్లు పనిచెయ్యకపోతే ఆసుపత్రి ల్యాండ్‌లైన్‌కి చెయ్యమని రాశావు. చేస్తే ఎంగేజ్ వస్తోంది."

"చేస్తూనే ఉండాలండీ."

"అందుకే పిలిచాను. నా వేళ్ళు నొప్పెడుతున్నాయి."

కాలు స్టూలు మీద పెట్టుకున్న అమ్మ సోఫాలోంచి పిలిచింది. "దా తల్లీ, ఇలా కూర్చో. ఆయనకి భయమేస్తే ఇలాగే కసురుతాడు."

ముగ్గురూ వంతులవారీగా నొక్కారు. అయిదున్నరకి లైను కలిసింది. ఎవరో నర్సు, తర్వాత పరుగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడు, తర్వాత అతని గొంతు. "ఆడపిల్ల నాన్నా! గంటైంది పుట్టి! అక్క బాగుంది, పాప బాగుంది. ఆసుపత్రి ఇటువైపే ఉండబట్టి సరిపోయింది, వంతెన పొద్దుట్నుంచీ మూసే ఉంది!"

పెద్దాయన రిసీవర్ ఆమె చేతిలో పెట్టేశాడు. "ముందు ఈ పిల్లతో మాట్లాడరా. వచ్చినప్పట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు."

"ఎవరు? అక్కడికొచ్చిందా?" అటునుంచి గొంతు తడబడింది.

అంత మాటకారైన ఆమె "ఊఁ" అని మాత్రం అంది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నోట్లోంచి మాట రావట్లేదు కానీ, వీళ్ళ పెళ్ళి మాట మనమే మాట్లాడుకోవాలేమోనండీ." పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ తలూపాడు.

బావ ఓడ దిగి ఇల్లు చేరాక, ఇరవై మూడో రోజున అతను తిరిగొచ్చాడు. ఎయిర్‌పోర్టు బయట సన్నగా చినుకులు. చేతికర్రతో అమ్మ, గొడుగుతో నాన్న, వాళ్ళిద్దరి మధ్యా ఆమె. అమ్మని కావలించుకున్నాడు, నాన్నకి పాప ఫొటో ఇచ్చాడు, ఆమె ముందుకొచ్చి నిలబడిపోయాడు. ఆ నగరంలో లైన్లు మళ్ళీ తెరిచినప్పట్నుంచీ ఫోన్‌లో గంటలు గంటలు కబుర్లు చెప్పుకున్న మనుషులు, ఇప్పుడు ఒకరి చెప్పుల వంక ఒకరు చూసుకుంటున్నారు.

పెద్దాయన కాసేపు చూశాడు. గొడుగు ఆ ఇద్దరి మీదికి జరిపి, జేబులోంచి తన ఫోన్ తీశాడు.

"ఏరా, మాట్లాడవేం? ఫోన్ కలిపివ్వనా?"