కంపమీద ఆరేసిన చొక్కా

అలసిన కళ్లకు నిజం కనిపిస్తుందా? లేక త్వరగా మూసుకోనిచ్చేదే నిజమనిపిస్తుందా?

ఎస్.ఐ. రామదాసు తనను తాను ప్రశ్నించుకున్నాడు.

స్టేషన్ ఆవరణలో చిన్న కారు నిలిచి ఉంది. పాత ఇంజిను. ఇంట్లోనే పోతపోసిన ఫైబర్‌గ్లాస్ బాడీ. ముందు ప్యానెల్‌లో హెడ్‌లైట్ల కోసం కోసిన రెండు రంధ్రాలు.

రేపు అనంతపురంలో సొంతంగా కట్టిన వాహనాల ప్రదర్శన. కారు తనదనీ, నూర్ అహమ్మద్ తెల్లవారుజామున దొంగిలించాడనీ ఓబులేష్ కంప్లైంట్. తానే కట్టానంటున్న నూర్ లాకప్‌లో ఉన్నాడు. ఎఫ్.ఐ.ఆర్. ఇంకా రాయలేదు. ఓబులేష్ బావమరిది రాజకీయ నాయకుడు; కేసు త్వరగా రాయమని అప్పటికే ఫోన్ చేశాడు.

"ఈ రంధ్రాలు కోసిందెవరు?"

"నేనే సార్, నిన్న సాయంత్రం," అన్నాడు ఓబులేష్.

"నేను సార్!" లాకప్‌లోంచి నూర్ అరిచాడు.

"ఎట్ల కోసినావు ఓబులేషూ?"

"నున్నటి పక్క టేపు అంటిచ్చి, గీత గీసి, చిన్న బెజ్జం వేసి, ఆపైన రంపం. టేపు లేకుంటే పైపూత పెచ్చులు లేస్తాది."

నూర్ నవ్వాడు. "దినామూ నా షెడ్డులో కూచుని చూస్తివి గదన్నా. పాఠం బాగా అప్పజెప్పినావు."

మాటలతో తేలదు. రామదాసు ఓబులేష్‌ను జీపులో ఎక్కించుకుని బయలుదేరాడు.

నూర్ ఇంటి వెనక, ముళ్లకంపమీద ఖాకీ చొక్కా ఒకటి ఒంటరిగా ఆరుతోంది. పక్కన విడిగా ఒక బకెట్. మిగతా బట్టలు దూరాన తాడుమీద. రామదాసు చొక్కావైపు చెయ్యి చాపాడు.

"ముట్టొద్దు సార్!" నూర్ భార్య మాబీ కసిరింది. "మొగుణ్ణి ఎత్తుకపోయినారు, దురద గూడా మీకే కావాల్నా?"

తర్వాత ఓబులేష్ ఇల్లు.

"నిన్న కోసేటప్పుడు ఏం తొడుక్కున్నావప్పా?"

"అదో, ఆ నీలం చొక్కా. పొద్దున్నే ఉతికినారు."

తాడుమీద పసిపిల్ల గౌన్ల మధ్య నీలం చొక్కా.

"అన్నీ కలిపే ఉతికినావా అమ్మా?"

"నీళ్లు యాడుండాయి సార్?" అంది ఓబులేష్ భార్య జయంతి. "ఒకే తొట్టిలో నానేసి పిండినా." ఆమె భుజంమీద పాప, ఆ ఉతికిన గౌన్లలో ఒకటి వేసుకుని, హాయిగా నిద్రపోతోంది.

రామదాసు చాలాసేపు ఆ పాపనే చూశాడు.

"ఓబులేషూ, ఫైబర్‌గ్లాస్ కోస్తే గాజు నూగు లేస్తాది. బట్టల్లో దిగితే ఒక ఉతుకుకు పోదు. ఒకే తొట్టిలో వేస్తే ఇంటిల్లిపాదీ గోక్కోవాల్సిందే. ఇంత నీళ్ల కరువులోనూ మాబీ ఆ ఒక్క చొక్కాకు వేరే బకెట్ పెట్టింది. నువ్వు కోసింటే ఈ పాప ఇట్ల నిద్రపోదు. పని చూసి నేర్చుకున్నావు. పనయినాక ఇంట్లో ఏం చేస్తారో చూడలేదు."

ఓబులేష్ తల వాల్చాడు. "మా బామ్మర్ది మాట్లాడతాడు సార్..."

రామదాసు జేబులో ఫోన్ మోగింది. నూర్ మీద కేసు రాసి ఒక్క సంతకం పెడితే ఇంటికి వెళ్లి పడుకోవచ్చు. ఆ నిద్ర ఈ పాప నిద్రలాంటిది కాదు.

ఫోన్ ఆపేశాడు. ఓబులేష్‌ను జీపెక్కించి స్టేషన్‌కు తెచ్చాడు. లాకప్ తలుపు తనే తెరిచి, కారు తాళం నూర్ చేతిలో పెట్టాడు.

"పో నూర్. లైట్లు బిగించుకో."

కుర్చీ లాక్కుని, తప్పుడు ఫిర్యాదు కింద ఓబులేష్ పేరు రాయడం మొదలుపెట్టాడు.